చెవిబుంగ

మా చెల్లెలి కూతురు భవాని పెళ్ళికి బాజాలు లేవు.

బస్సు దిగి పోలమ్మపాలెం వీధిలోకి నడిచేసరికి ముందు నేను తేదీ తప్పు చూసుకున్నానేమో అనుకున్నాను. పందిరి ఉంది, మామిడి తోరణాలున్నాయి, గాడిపొయ్యి మీద గుండిగలున్నాయి. మనుషులు మాత్రం గుసగుసలాడుతున్నారు. డప్పుల వాళ్ళు లేరు, మైకు లేదు, బూర లేదు. ఒక పసివాడు ఏడుపు అందుకోగానే వాళ్ళమ్మ వాణ్ణి చంకనేసుకుని ఊరి వెనక సరుగుడు తోటలోకి పరుగెత్తింది. మా చేపల వాళ్ళ పెళ్ళంటే పక్క ఊరికి కూడా నిద్ర ఉండకూడదు. అలాంటిది పెళ్ళికూతురి గాజుల చప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది.

"ఎవరైనా పోయారా?" అని మా చెల్లెలు పైడమ్మని పక్కకి లాగి అడిగాను.

"నేదప్పా," అంది గొంతు తగ్గించి. మా వైపు అక్కని అప్ప అంటారు. "నువ్వు ఎట్టిన బుంగ ఇంటాది కదా. అందుకు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ బుంగ నేను పెట్టిందే.

నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో చేపల గుడ్ల మీద పరిశోధన చేస్తాను. పూర్వం మా తీరంలో ప్రతి వేసవిలోనూ రెండు నెలలు వేట నిషేధం ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎవరో పెద్దలు ఏనాడో తేదీలు గీశారు. ఆ తేదీలు చేపలకి తెలియవు. సముద్రం వేడెక్కాక మరీ పెడసరం అయిపోయాయి. కొన్ని దసరాకి గుడ్లు పెట్టేవి, కొన్ని మాఘమాసంలో పెట్టేవి. నిషేధం ఉన్నప్పుడు గుడ్లు లేవు, గుడ్లు ఉన్నప్పుడు నిషేధం లేదు. నాకు ఒళ్ళు మండేది. అందుకని మా బృందం ఒక పరికరం తయారుచేసింది. అది నీళ్ళ మీద తేలే చిన్న బుంగ. కొంచెం కొంచెం నీరు పీలుస్తూ అందులో ఏ చేప గుడ్ల ఆనవాలుందో చూస్తుంది. గొరక చేపల్లో మగవి గుడ్ల వేళకి నీటి అడుగున గురగురమంటాయి, అవి గుంపుగా అరిస్తే బుంగ కింది మైకు వింటుంది. గాలివానల సంగతి తెలియడానికి పైన ఇంకో మైకు పెట్టాం. మేము దానికి జలశ్రవణి అని పేరు పెట్టి సంబరపడ్డాం. జాలర్లు చెవిబుంగ అన్నారు, ఆ పేరే నిలిచింది.

సముద్రాన్ని గడులుగా విడగొట్టాం. ప్రతి బోటుకీ ఒక దీపం ఇచ్చాం. పచ్చగా ఉంటే ఆ గడిలో వల వేసుకోవచ్చు, ఎర్రగా ఉంటే వేయకూడదు. నిబంధన కోసం పెద్ద పెద్ద వాళ్ళు పేజీలకి పేజీలు రాసుకొస్తే నేను అన్నీ కొట్టేసి ఒక్క వాక్యం రాశాను: గుడ్లు ఉన్న గడిలో వల పడకూడదు, గుడ్లు లేని గడిలో పడవచ్చు. ఇంతకన్నా న్యాయమైన నిబంధన లోకంలో ఉంటుందా అని అప్పుడు నాకు గొప్ప గర్వంగా ఉండేది. ఇప్పుడూ ఆ వాక్యంలో తప్పెక్కడుందో చెప్పమంటే చెప్పలేను.

చిన్న చిన్న చిక్కులు వచ్చాయి. వేసవి నిషేధం రద్దయింది కనక, వేసవి నిషేధానికి ఇచ్చే భృతి కూడా రద్దయింది. గడి ఎప్పుడు మూస్తారో తెలియదు కనక పెళ్ళిళ్ళు ఎప్పుడు పెట్టుకోవాలో, బోట్లకి ఎప్పుడు మరమ్మతులు చేసుకోవాలో, గంగమ్మ జాతర ఎప్పుడు చేయాలో ఎవరికీ తెలియలేదు. ఆ తప్పుడు తేదీల చుట్టూ మా వాళ్ళు బతుకంతా సర్దుకున్నారని నాకు తట్టలేదు. అయినా చేపలు పెరిగాయి. అది మాత్రం నిజం. మా డైరెక్టర్ త్రివిక్రమరావుగారు మిఠాయిలు పంచారు.

ఒక్కటే వింత. పోలమ్మపాలెం ఎదుట ఉన్న గడి దసరా తర్వాత ఎర్రబడి మళ్ళీ పచ్చబడలేదు. గొరకల వంతు అవగానే కానాగడత చేపలు వచ్చేవి, అవి అవగానే మళ్ళీ గొరకలు. ఆనుకునే ఉన్న దిబ్బలరేవు గడి మాత్రం ఎప్పుడూ పచ్చగానే ఉండేది. ఒకే నీరు, ఒకే అడుగు, ఒకే ఆటుపోట్లు. ఒక సదస్సులో దీన్ని ప్రకృతి రహస్యమని చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ రహస్యాన్ని భవాని పెళ్ళిలో కులపెద్ద ఎర్రన్న తాత విప్పాడు. విస్తరి ముందు నా పక్కనే కూర్చుని, చాలా మర్యాదగా, రహస్యంగా చెప్పాడు.

"బుంగ ఇంటాదని నువ్వే సెప్పేవు గదమ్మా, రావులోరి కోవెల కాడ మీటింగులో. సేపలకి పెశాంతం కావాలన్నావు. మావోలు ఊరుకుంటారేటి, గోల సేసినారు. దానికి కోపమొచ్చి ఎర్రదీపం ఎట్టేసింది. అందుకని ఊరంతా కట్టుబాటు ఎట్టుకున్నాం. మోటారు ఆపేసినాం, పక్క గడికీ ఎల్లనేదు. డప్పు ఆపేసినాం. ఒడ్డున పిల్లగుంటలు కేకలెయ్యకూడదు. ఎవడైనా ఇంజిను తిప్పితే కులానికి తప్పు కట్టాల."

"ఎప్పట్నించి తాతా?"

"దసరా మట్టి. అయినా ఆ ఎర్రదీపం వొగ్గనేదు. ఇంకా ఎక్కడో సప్పుడు అవుతోందని కోవెల గంటకి గుడ్డ సుట్టినాం. ముసల్ది బుగతమ్మ పోతే డప్పు లేకండా మోసుకుపోనాం. ఇంకేటి ఆపమంటావో నువ్వే సెప్పు తల్లీ, ఆపేస్తాం."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొదట నవ్వొచ్చింది, తర్వాత లెక్క అందింది. చప్పుడంటే గొరకలకి పడదు. దిబ్బలరేవులో పెద్ద ఇంజన్ల బోట్లు పగలంతా హోరెత్తిస్తాయి కనక అక్కడికి చేప గుడ్లు పెట్టడానికి రాదు. గుడ్లు లేవు కనక అక్కడ దీపం పచ్చన. దీపం పచ్చన కనక ఇంకా బోట్లు. ఇక్కడ దీపం ఎర్రబడగానే వీళ్ళు నోరు మూసుకున్నారు. నిశ్శబ్దం చూసి ఊళ్ళో లేని చేపలన్నీ ఇక్కడికే వచ్చాయి. గుడ్లు పెరిగాయి, దీపం మారలేదు. దీపం మారలేదని వీళ్ళు ఇంకా నిశ్శబ్దం అయిపోయారు. ఎంత భక్తిగా పాటిస్తే అంత గట్టిగా మూసుకుంటుంది.

నిబంధన పాటించిన ఊరికి సముద్రం లేదు. పట్టించుకోని ఊరికి ఉంది. నిబంధన మాత్రం ఎక్కడా తప్పలేదు.

"ఏటమ్మా, ఆలోసిస్తన్నావు? ఇంకేటైనా సప్పుడు సేస్తన్నామేటి?" అని అడిగాడు తాత ఆందోళనగా.

"లేదు తాతా," అన్నాను.

తాళి కట్టే వేళకి పురోహితుడు కూడా మంత్రాలు పెదాల మీదే చదివాడు. పెళ్ళికొడుకుది తోటముక్కాం, తీరం వెంట ఇంకా కిందికి ఉన్న చిన్న పల్లె. వాళ్ళ తరఫు పెద్దలు మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. బాజాలు లేని పెళ్ళి వాళ్ళకి అవమానంగా ఉంది. అప్పగింతలప్పుడు భవాని పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తల్లి కూడా అంతే. ఏడుపు కూడా దిగమింగుకోవాల్సిన ఊరిని నేను ఎప్పుడూ చూడలేదు, చూస్తూ నిలబడటం చాలా కష్టమైంది.

పెళ్ళివారు వెళ్ళాక మా మరిది, భవాని తండ్రి దానయ్య నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళాడు. వాడి ఫైబర్ బోటు ఇసకలో బోర్లా పడి ఉంది.

"బోటు అమ్మేస్తన్నాను వదినా," అన్నాడు. "వేరావల్ ఎల్లిపోతాను. గుజరాతోడి బోటు మీద కలాసీ పని. ఎనిమిదేసి నెలలు ఆడే. పిల్ల పెళ్ళి కోసం ఆగినాను."

"పైడి ఏమంటోంది?"

"ఏటంటాది? నోరెత్తకూడదు గదా ఊర్లో," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పదేళ్ళు ఇంకొకరి బోటు మీద చేసి, ఆ తర్వాత కొనుక్కున్న సొంత బోటు అది. మా చెల్లెలికి ఆ బోటంటే భవాని తర్వాత ఇంకో బిడ్డ. అది పోతే మనిషి కూడా పోతాడు, ఇంట్లో పైడి ఒక్కతీ మిగులుతుంది. ఈ ఊళ్ళో అప్పటికే సగం ఇళ్ళలో మగవాళ్ళు లేరు.

సోమవారం మా డైరెక్టరుగారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మంచి మనిషి, నిజంగా మంచి మనిషి.

"అంటే అక్కడ అసలు పొదుగుచోటు తయారైందన్నమాట! మొత్తం తీరానికి చేపపిల్లలు అక్కణ్ణించే వెళుతున్నాయి. అద్భుతమమ్మా," అన్నారు.

"అద్భుతమే సార్. ఆ ఊరికి తిండి లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చేద్దామంటావు?"

"నిబంధనలో ఒక మాట చేరుద్దాం. ఏ గడీ ఒక పరిమితి దాటి మూసి ఉండకూడదని."

"గుడ్లున్నా తెరవమంటావా? నువ్వే కదా గుడ్లు తప్ప ఇంకేదీ లెక్కలోకి రాకూడదని పోట్లాడింది. దిబ్బలరేవు బోట్ల యజమానులు రేపే కోర్టుకెళతారు, ఎక్కడ ఏ గడి ఎర్రబడినా మాకూ అలాగే తెరవమని."

"పోనీ దిబ్బలరేవులో చప్పుడు తగ్గించమందాం."

"సముద్రంలో చప్పుడు మన శాఖ కిందకి రాదమ్మా. అది కాలుష్యం వాళ్ళది. వాళ్ళనడిగితే నేల మీద చప్పుడే మాది అంటారు. అడిగి చూశాను."

"మరి పోలమ్మపాలెం వాళ్ళని చప్పుడు చెయ్యమని చెబుదామా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "గుడ్లు పెట్టే చేపని బెదరగొట్టమని ప్రభుత్వమే చెప్పడమా! వద్దు. అక్కడ వల లేకుండా బోటు తిప్పుకుంటే తప్పు లేదు, అది వాళ్ళ హక్కు. కానీ తిప్పుకోండి అని మనం చెప్పకూడదు." తలుపు వైపు చూసి, నెమ్మదిగా అన్నారు: "వాళ్ళంతట వాళ్ళకి తెలిస్తే, మనకి తెలియదు."

నేను నా గదిలోకొచ్చి కూర్చున్నాను. ఆయన మాటల్లో ఏది తప్పో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అన్నీ సరైన మాటలే, కలిపి చూస్తే మాత్రం దానయ్య వేరావల్ వెళ్ళిపోతున్నాడు.

ఆదివారం మళ్ళీ ఊరెళ్ళాను. పైడి చారన్నం పెట్టింది. మా ఇంట్లో చేప లేని అన్నం తిన్న గుర్తు నాకు లేదు. తింటూ తింటూ, ఎదురుగా కూర్చున్న దానయ్యకి బుంగ సంగతి, గొరకల సంగతి, దిబ్బలరేవు సంగతి మామూలు కబుర్లలా చెప్పుకుంటూ పోయాను. వాడు మొదట పకపకా నవ్వాడు. తర్వాత కంచం తోసేశాడు.

"అంటే మేం గమ్మునుండబట్టే వొగ్గనేదా? దసరా మట్టి పిల్లి నడక నడుస్తన్నాం వదినా! నా కూతురు పెళ్ళి... పీనుగక్కూడా డప్పు ఉంటాది గదా, అది కూడా లేకండా సేసినాను."

"నాకూ ఇప్పుడే తెలిసింది దానయ్యా."

"వల లేకండా బోటు తిప్పితే తప్పా?"

"తప్పు కాదు."

"డప్పు కొడితే?"

"రూల్లో డప్పు మాట లేదు."

"అయితే కొట్టమంటావు."

"నేనేమీ అనలేదు."

పైడికి చిర్రెత్తింది. "ఆపీసోలు మాటాడినట్టు మాటాడకే అప్పా! అవునంటే అవునను, కాదంటే కాదను."

"మీరు చప్పుడు చేస్తే ఆ గుడ్లు పెట్టే చేప వెళ్ళిపోతుంది," అన్నాను. "మళ్ళీ ఎక్కడ పెడుతుందో నాకు తెలియదు. అది చెప్పడానికే వచ్చాను."

"సంద్రం శానా పెద్దది," అన్నాడు దానయ్య. అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

రెండు రోజుల తర్వాత తెల్లవారుతూనే ప్రయోగశాలలో కూర్చుని చెవిబుంగ వింటున్నాను. గొరకలు గురగురమంటున్నాయి. వందలు, వేలు. ఆ చప్పుడు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నా పని మొత్తంలో నాకు మిగిలిన సుఖం అదే. ఇంతలో ఒక ఇంజను గుక్క పట్టి లేచింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఊరు ఊరంతా. డప్పులు, పళ్ళేలు, తెడ్లతో బోటు పక్కల్ని బాదడం, ఈలలు, కేకలు. పై మైకులో దానయ్య గొంతు పోల్చుకున్నాను. అందరికన్నా ముందు వాడే డప్పు కొడుతున్నాడు. ఎవరో పెళ్ళిపాట అందుకున్నారు. అప్పగింతల పాట. కూతురి పెళ్ళిలో మిగిలిపోయిన బాజా అంతా వాడు ఆ రోజు సముద్రం మీద మోగించాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కింది మైకులో గొరకలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కాస్సేపటికి ఒక్కటి కూడా లేదు.

మూడు రోజులు వరసగా అలాగే తిరిగారు. దీపం పచ్చబడింది.

"ఏం జరిగిందమ్మా?" అని త్రివిక్రమరావుగారు పరుగెత్తుకొచ్చారు.

"బోట్లు తిరిగాయి సార్."

"వలలతోనా?"

"వలలు లేకుండా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అయితే ఉల్లంఘన ఏమీ లేదు," అన్నారు. సంతోషించాలో దిగులుపడాలో ఆయనకీ తెలియనట్టుంది. "పైకి ఏమని రాయను?" అని నన్నే అడిగారు.

"గడి తెరుచుకుందని రాయండి. నిజమే కదా."

పోలమ్మపాలెంలో జాతర చేశారు. కోవెల గంటకి గుడ్డ విప్పారు. దానయ్య బోటు అమ్మలేదు. పైడి నాకు బస్సులో గిన్నెడు కూర పంపింది. చేప నిండా గుడ్లు. ఆ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కొంచెం ఆగాను. తర్వాత తినేశాను. బాగుంది.

గొరకలు ఎక్కడికెళ్ళాయో నెల తిరక్కుండా తెలిసింది. మా ప్రయోగశాల తెర మీద తీరమంతా పచ్చగా ఉంది, కింద ఒక్క గడి ఎర్రబడింది. తోటముక్కాం. అది పాతిక గడపల పల్లె, ఇంజన్లు లేవు, తెప్పల మీద వెళ్ళి వలలేసుకుంటారు. ఈ తీరంలో చప్పుడు లేని చోటు అదొక్కటే మిగిలింది. చేప దాన్ని వెతుక్కుంది.

భవాని ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మా కాడ దీపం ఎర్రగయిపోనాది. మా మావ వేరావల్ ఎల్తానంటన్నాడు. ఈళ్ళందరూ నన్నే అడుగుతన్నారు, మీ పెద్దమ్మ ఎట్టిందే గదా అని. ఏటి సెయ్యాల?"

మా వైపు మొగుణ్ణి మావ అంటారు. పెళ్ళయి ఇంకా మూడు నెలలు కాలేదు.

డప్పులు కొట్టండి అనే మాట నాలుక చివరికి వచ్చింది. మూడు రోజులు పళ్ళేలు వాయిస్తే చాలు, వాళ్ళ దీపమూ పచ్చబడుతుంది. ఆ తర్వాత? తెర వైపు చూశాను. తోటముక్కాం కింద పెద్ద రేవు, అక్కడ పగలూ రాత్రీ అడుగు తవ్వుతుంటారు. పైన పోలమ్మపాలెం, దిబ్బలరేవు. ఇక్కణ్ణించి తరిమితే వెళ్ళడానికి చోటు లేదు. గుడ్లు ఎక్కడా ఉండవు. గుడ్లు ఎక్కడా లేకపోతే తీరం పొడుగునా దీపాలన్నీ పచ్చగా వెలుగుతాయి. నేను రాసిన వాక్యం ప్రకారం, ఒక్క గుడ్డు కూడా లేని సముద్రమే పూర్తిగా తెరిచిన సముద్రం. ఆ సంగతి నాకు అప్పుడే, ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉండగానే తెలిసింది. భయం వేసింది.

"చూసి చెబుతానమ్మా," అన్నాను. మా ఆఫీసులో అందరూ అనే మాటే.

మర్నాడు పైడి, దానయ్య ఇద్దరూ మా ఇంటికొచ్చారు. భవాని తల్లికీ చెప్పిందన్నమాట. నేను ఏదీ దాచలేదు. అక్కడ కూడా తరిమితే ఏమవుతుందో విడమరిచి చెప్పాను. దానయ్య నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. పైడి మాత్రం "అయితే మళ్ళీ మా కాడికే తెచ్చీయే అప్పా," అంది.

"ఏం తేవాలే?"

"ఆ సేపల్ని. ఎర్రదీపాన్ని. మేమే గదా పంపినాం, పిల్ల నెత్తి మీదకి. మాకు అలవాటే. దానికి కొత్త కాపురం."

"నేను తెచ్చేది కాదే. మీ ఊరు మళ్ళీ నోరు మూసుకుంటే వస్తాయి."

పైడి ఆ మాటే పట్టుకుని ఊళ్ళో పెద్దల్ని కూర్చోబెట్టింది. నేనూ వెళ్ళాను. ఆడది లేచి మాట్లాడటమే వింత, అదీ మళ్ళీ మోటార్లు ఆపుకుందామని. కొందరు నవ్వారు. ఎర్రన్న తాత నవ్వలేదు.

"నీకు అక్కడ కూతురున్నాదే పైడీ," అన్నాడు. "మాకు ఇక్కడ ఉన్నారు. నా మనవలు ఇప్పుడే కడుపు నిండా తింతన్నారు. నానేటని సెప్పను ఆళ్ళకి?"

పైడి నా వైపు చూసింది. తాత కూడా నా వైపు చూశాడు. ఇద్దరూ నా వాళ్ళే, ఇద్దరిదీ న్యాయమే. చదువుకున్నదాన్ని కనక తగువు తీరుస్తానని అందరూ ఎదురుచూశారు. చివరికి కూటం అలాగే లేచిపోయింది.

ఇంటికొచ్చాక పైడి అన్నం వడ్డిస్తూ అడిగింది. "మా ఒక్క బోటు గమ్మునుంటే వస్తాయేటి అప్పా? అన్నీ కాదు. కొన్నయినా?"

నా దగ్గర యంత్రాలున్నాయి, ఇంతమంది శాస్త్రవేత్తలున్నారు. ఈ లెక్క ఎవరం ఎప్పుడూ వేయలేదు. చుట్టూ అన్ని ఇంజన్లు మొత్తుకుంటుంటే ఒక్క బోటు మానేస్తే ఏ చేపకి తెలుస్తుంది? రావు అనడమే నిజానికి దగ్గర. పైడి గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"రావచ్చు," అన్నాను.

దానయ్య చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాడు. మోటారు విప్పి, భుజాన వేసుకొచ్చి, పెరట్లో తాటాకుల కింద పెట్టి గోనె కప్పాడు. "ఇద్దరు కావాల తెడ్డుకి," అన్నాడు గుమ్మంలో నిలబడి, ఎవరి వైపూ చూడకుండా. "కలాసీలు రారు. నవ్వుతారు."

మా వాళ్ళలో ఆడది బోటెక్కదు. ఎక్కితే వేట ఉండదంటారు. పైడి గరిటె గిన్నెలో పెట్టి, కొంగు నడుముకి దోపుకుంది.

మర్నాడు తెల్లవారి నా కుర్చీలో కూర్చుని పోలమ్మపాలెం చెవిబుంగ పెట్టుకున్నాను. దీపం పచ్చగానే ఉంది. కింది మైకులో ఇంజన్ల హోరు తప్ప ఏమీ లేదు. ఒక్క గొరకా లేదు. పైదానిలో బోట్లు ఒక్కొక్కటే దాటుకుంటూ పోతున్నాయి, పోతూ పోతూ ఎవరినో వేళాకోళం చేస్తున్నాయి. "ఏట్రా దానిగా, పెళ్ళాంతో సికారేటి?" అని ఎవడో కేక వేశాడు, నలుగురు గొల్లుమన్నారు. అన్నీ వెళ్ళిపోయాక బుంగకి దగ్గరగా తెడ్డు చప్పుడు వినిపించింది. అలవాటు లేని చెయ్యి, నీటిని చరుస్తోంది. దానయ్య కసురుకున్నాడు, అదీ గొంతు బాగా తగ్గించి.

"మెల్లగా వెయ్యే. ఇంటాయి."